అడగండి చెబుతాం: ఆవిరి, పాదరసం, పట్టుదారం

1700 నుంచి 1735 దాకా యూరప్‌లో వచ్చిన శాస్త్ర, సాంకేతిక మార్పుల మీద ప్రశ్నలు పంపమని గత సంచికలో కోరాం. "ముందు ఎవరు కనిపెట్టారు?" అనే ఉత్తరాలే ఎక్కువ వచ్చాయి. వాటిని పక్కన పెట్టి, "ఎలా పనిచేసింది, ఎక్కడ చెడింది?" అని అడిగినవారికి ఈసారి చోటిచ్చాం.

ప్ర: ఆవిరి యంత్రం అంటే జేమ్స్ వాట్ అని చిన్నప్పటి నుంచీ చదువుకున్నాం. న్యూకమెన్ యంత్రం అంతకన్నా పాతదనీ, అందులో పిస్టన్‌ని ఆవిరి నెట్టదనీ ఈమధ్య చదివాను. ఆవిరి నెట్టకపోతే మరేది నెడుతుంది? కాస్త విడమరిచి చెప్పండి.

జ: గాలి నెడుతుంది. మన చుట్టూ ఉన్న గాలి ప్రతి చదరపు అంగుళాన్నీ దాదాపు 14.7 పౌండ్ల బలంతో నొక్కుతూ ఉంటుంది. సిలిండర్ లోపల ఖాళీ చేయగలిగితే ఆ బరువంతా పిస్టన్ నెత్తిన పడుతుంది. ఆ ఖాళీ కోసమే ఆవిరి. వాట్ 1736లో పుట్టేనాటికే ఇలాంటి యంత్రాలు ఇంగ్లండ్ గనుల్లో దాదాపు పాతికేళ్లుగా నీళ్లు తోడుతున్నాయి.

థామస్ న్యూకమెన్ డార్ట్‌మత్‌లో ఇనుప సామాన్ల వ్యాపారి. భాగస్వామి జాన్ క్యాలీతో కలిసి ఆయన 1712లో డడ్లీ కోట దగ్గరి బొగ్గు గని మీద నిలబెట్టిన యంత్రాన్నే చూద్దాం. ఎత్తైన గోడ మీద ఇరుసు, దాని మీద పెద్ద కర్ర దూలం. దూలం ఒక కొసకు గొలుసుతో పిస్టన్ వేలాడుతుంది, రెండో కొసకు గనిలోకి దిగే పంపు కడ్డీలు. కడ్డీల బరువు ఎక్కువ కాబట్టి యంత్రం ఆగి ఉన్నప్పుడు దూలం అటే వాలి, పిస్టన్ పైన ఉంటుంది. సిలిండర్ బాయిలర్ నెత్తినే కూర్చుంటుంది. దాని పైకొసకు మూత లేదు.

ఒక విడత పని ఇలా సాగుతుంది. ముందు ఆవిరి వాల్వు తెరుచుకుంటుంది. అవతలి కడ్డీల బరువుకి పిస్టన్ లేస్తుంటే సిలిండర్‌లోకి ఆవిరి నిండుతుంది. ఆ ఆవిరి పీడనం బయటి గాలి కంటే ఏ ఒకటి రెండు పౌండ్లో ఎక్కువ, అంతే. పిస్టన్ పైకి చేరాక ఆవిరి వాల్వు మూసుకుని చన్నీటి కుళాయి తెరుచుకుంటుంది. ఎత్తున పెట్టిన తొట్టి నుంచి వచ్చే నీళ్లు సిలిండర్ అడుగు నుంచి పైకి ధారగా చిమ్ముతాయి. ఆవిరి నీరైపోతుంది. ఆ నీటికి ఆవిరి ఆక్రమించిన చోటులో సుమారు 1,600వ వంతు చాలు. మిగిలినదంతా ఖాళీ. బయటి గాలి పిస్టన్‌ని కిందికి నొక్కుతుంది, అవతలి కొసన కడ్డీలు లేచి నీటిని పైకి తెస్తాయి. చన్నీళ్లు ఆగి మళ్లీ ఆవిరి రాగానే అడుగున పోగైన నీరు ఒక గొట్టం గుండా జారిపోతుంది. గొలుసు లాగగలదే తప్ప నెట్టలేదు కనుక యంత్రం ఒకవైపే పనిచేస్తుంది. పంపుకి అది చాలు.

నీళ్లను లోపలికే చిమ్మాలన్నది ముందే తోచిన ఉపాయం కాదని స్వీడన్ ఇంజనీరు మార్టెన్ ట్రీవాల్డ్ రాశాడు. మొదట్లో సిలిండర్ చుట్టూ సీసపు తొడుగు వేసి, అందులో చన్నీళ్లు నిలిపేవారట. సిలిండర్ గోడలో టంకంతో పూడ్చిన ఒక పోత లోపం వేడికి కరిగి తెరుచుకుంది. తొడుగులోని నీళ్లు లోపలికి దూకాయి. పిస్టన్ ఎంత జోరుగా దిగిందంటే గొలుసు తెగి, కింద ఉన్న బాయిలర్ మూత కూడా దెబ్బతింది. ఇది అక్షరాలా ఇలాగే జరిగిందా అన్నది చరిత్రకారుల తగువు. అందులోని భౌతికశాస్త్రం మాత్రం సరైనదే: దళసరి గోడ గుండా చల్లార్చడానికి చాలాసేపు పడుతుంది, ఆవిరి మధ్యలోకే నీళ్లు చిమ్మితే ఒకటి రెండు క్షణాలు చాలు.

ప్ర: అంత పెద్ద సిలిండర్‌ని ఆ రోజుల్లో గుండ్రంగా, నున్నగా చేయగలిగారా? గాలి దూరకుండా ఎలా ఆపారు?

జ: చేయలేకపోయారు. మాకు వచ్చిన ప్రశ్నల్లో ఇదే మేలైనది, ఎందుకంటే ఆ యంత్రం కథంతా ఈ సందులోనే ఉంది. డడ్లీ సిలిండర్ వ్యాసం 21 అంగుళాలు, పొడవు 7 అడుగుల 10 అంగుళాలు. ఇత్తడితో పోత పోసి, లోపలి వైపు అరగదీసేవారు. ఎంత అరగదీసినా వ్యాసం ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ. అందుకే పిస్టన్‌ని వదులుగా చేసి, దాని మీద తోలు బిళ్ల బిగించి, తోలు అంచు గోడకు ఆనేలా పైకి తిప్పారు. ఆ తోలు మీద ఎప్పుడూ కొన్ని అంగుళాల నీళ్లు నిలబెట్టారు.

ఆ నీళ్లలోనే ఉంది తెలివి. సందు ఉండనే ఉంటుంది, అందులోంచి ఏదో ఒకటి లోపలికి పోతుంది. పోయేది నీరైతే కొంచెం ఆవిరి ముందే చల్లారుతుంది, నష్టం అంతే. అదే గాలి అయితే, ఎంత చన్నీరు చిమ్మినా అది నీరవదు, లోపల ఖాళీ ఏర్పడదు. అందుకని పై తొట్టి నుంచి ఒక సన్నని గొట్టం పిస్టన్ మీదకి నీళ్లు జారవిడుస్తూనే ఉంటుంది. తోలు ఎండితే ముడుచుకుని గోడను వదిలేస్తుంది. కనుక నాలుగు రోజులు ఆగిన యంత్రాన్ని మళ్లీ నడిపేముందు తోలు నానాలి.

రెండో రోగం గాలి పట్టడం. మామూలు నీళ్లలో ఎంతో కొంత గాలి కరిగి ఉంటుంది. చిమ్మిన ప్రతిసారీ ఆ గాలి విడివడి సిలిండర్‌లో మిగిలిపోతుంది. దాన్ని వదిలించకపోతే విడత విడతకీ పిస్టన్ దిగే దూరం తగ్గుతూ వచ్చి, కాసేపటికి యంత్రం నిలిచిపోతుంది. విరుగుడుగా సిలిండర్ అడుగున బయటికి మాత్రమే తెరుచుకునే చిన్న వాల్వు ఒకటి పెట్టారు. కొత్త ఆవిరి రాగానే ఆ ఒత్తిడికి లోపలి గాలి దానిగుండా చీదినట్టు బయటికి పోతుంది. ఆ వాల్వు మీద కూడా కాస్త నీరు నిలిపి ఉంచేవారు, గాలి తిరిగి దూరకుండా.

మూడోది చన్నీటి మోతాదు. తక్కువైతే ఆవిరి పూర్తిగా నీరవదు, పిస్టన్ నీరసంగా దిగుతుంది. ఎక్కువైతే గోడలు మరీ చల్లబడి, తర్వాతి విడత ఆవిరిలో చాలా భాగం గోడలకే ఖర్చవుతుంది. కుళాయి ఎంతసేపు తెరిచి ఉంచాలన్నది దూలానికి వేలాడే కర్రలోని మేకులు, మీటలు నిర్ణయిస్తాయి. ఆ మేకులను కాస్త పైకీ కిందికీ జరిపి సరిచూసుకోవాలి.

ఇంతా చేసి దక్కిందేమిటో లెక్క వేద్దాం. నిమిషానికి 12 విడతలు, విడతకు 10 గ్యాలన్లు, ఎత్తు 51 గజాలు, అంటే 153 అడుగులు. గ్యాలన్ నీరు 10 పౌండ్లు అనుకుంటే విడతకు 15,300 అడుగు-పౌండ్ల పని. నిమిషానికి 1,83,600. నిమిషానికి 33,000 అడుగు-పౌండ్లను ఒక గుర్రపు శక్తి అంటారు కనుక, దాన్ని 33,000తో భాగిస్తే సుమారు 5.5 గుర్రాల శక్తి. పిస్టన్ వైశాల్యం 346 చదరపు అంగుళాలు. విడతకు అది 6 అడుగులు కదిలిందనుకుంటే చదరపు అంగుళానికి దక్కింది 7 పౌండ్ల పైచిలుకు, అంటే గాలి ఇవ్వగలిగిన 14.7లో సగం. మిగతా సగాన్ని లోపల మిగిలిన వేడి నీటి ఆవిరి, వదలని గాలి, రాపిడి తినేశాయి.

ప్ర: ఈ యంత్రం బొగ్గుని విపరీతంగా తినేదని అంటారు. మరి ఎవరు కొన్నారు? న్యూకమెన్ దీనికి పేటెంట్ ఎందుకు తీసుకోలేదు?

జ: బొగ్గు గనుల వాళ్లే కొన్నారు. కాల్చిన బొగ్గులోని వేడిలో నూటికి ఒక వంతు కూడా పనిగా మారేది కాదు. ప్రతి విడతకీ అదే సిలిండర్‌ని మరిగించి, అదే సిలిండర్‌ని చల్లార్చడమే దీనికి కారణం. అయితే గని నోటి దగ్గర అమ్ముడుపోని చూర్ణం బొగ్గు ఊరికే పడి ఉంటుంది. దాన్ని కాలిస్తే పోయేదేమీ లేదు. కార్న్‌వాల్ తగరం, రాగి గనుల వాళ్లకు ఆ సౌకర్యం లేదు. ఓడలో బొగ్గు తెప్పించుకోవాలి కనుక వాళ్లకి ప్రతి బుట్టా లెక్కే.

పేటెంట్ సంగతి: నిప్పు సాయంతో నీటిని ఎత్తే పద్ధతి మీద థామస్ సేవరీ 1698లోనే హక్కు పొందాడు. మరుసటి ఏడు పార్లమెంటు దాన్ని 1733 దాకా పొడిగించింది. సేవరీ పరికరంలో పిస్టనే లేదు. ఒక పాత్రలో ఆవిరిని చల్లార్చి నీటిని పీల్చడం, తర్వాత ఎక్కువ పీడనం ఉన్న ఆవిరితో ఆ నీటినే పైకి నెట్టడం దాని పద్ధతి. పీల్చే ఎత్తు ముప్పై అడుగుల లోపే. నెట్టే ఎత్తు పెంచాలంటే పీడనం పెరగాలి, అప్పుడు టంకం అతుకులు ఊడిపోతాయి. లోతైన గనికి అది పనికిరాలేదు. కానీ పేటెంట్‌లోని మాటలు ఎంత విశాలంగా ఉన్నాయంటే న్యూకమెన్ యంత్రం కూడా వాటి కిందికే వచ్చింది. చేసేది లేక ఆయన ఆ హక్కు నీడలోనే వ్యాపారం చేసుకున్నాడు.

ప్ర: వాల్వులు తిప్పే కుర్రాడు ఆడుకోవడానికి తీరిక కోసం తాళ్లు కట్టి యంత్రాన్ని దానంతట అదే నడిచేలా చేశాడట కదా?

జ: హంఫ్రీ పాటర్ అనే కుర్రవాడి కథ అది. 1744లో శాస్త్రవేత్త డెసాగ్యులియర్స్ పుస్తకంలో అచ్చయింది. వినడానికి బాగుంటుంది. కానీ నిమిషానికి పన్నెండు విడతల చొప్పున రోజంతా చేత్తో వాల్వులు తిప్పడం చాలా కష్టం. చాలామంది చరిత్రకారులు ఈ కథను నమ్మరు.

ప్ర: 1709లో అబ్రహాం డార్బీ కట్టెబొగ్గు బదులు కోక్‌తో ఇనుము తీశాడని, దాంతో అడవులు బతికాయని పాఠంలో ఉంది. మరి మిగతా కొలిములు నలభై ఏళ్లదాకా ఎందుకు మారలేదు?

జ: పాఠంలో చెప్పనిది ఇదే. డార్బీకి కావలసింది వంటపాత్రలు, అంటే పోత ఇనుము. మిగతా వారికి కావలసింది సుత్తితో సాగదీయగల చేత ఇనుము. రెండింటి అవసరాలు వేరు.

రాక్షసిబొగ్గుని నేరుగా కొలిమిలో వేస్తే దానిలోని గంధకం ఇనుములోకి ఎక్కుతుంది. అలాంటి ఇనుము ఎర్రగా కాలినప్పుడు సుత్తి దెబ్బకి పగులుతుంది. బొగ్గుని ముందే కుప్పగా పోసి, గాలి చాలనివ్వకుండా మగ్గబెడితే గంధకంలో కొంత, తారు, వాయువులు పోయి కోక్ మిగులుతుంది. డార్బీ కొలిమి ఉన్న కోల్‌బ్రూక్‌డేల్ దగ్గర దొరికే బొగ్గులో గంధకం మొదటే తక్కువ కావడం డార్బీ అదృష్టం. ఇదే పనిని వేరేచోటి బొగ్గుతో చేసినవాడికి ఇదే ఫలితం రాదు. కోక్ గట్టిది. పైన పోసిన ఖనిజం, సున్నపురాయి బరువుకి కట్టెబొగ్గు నలిగి గాలిదారులు మూసుకుపోతాయి, కోక్ నలగదు. అందుకని కొలిమిని ఎత్తు పెంచవచ్చు. కాకపోతే గాలి ఇంకా బలంగా ఊదాలి.

కోక్‌తో తీసిన ఇనుములో సిలికాన్ ఎక్కువ. అది ద్రవంగా ఉన్నప్పుడు పలచని అచ్చుల్లోకి కూడా చక్కగా పారుతుంది. ఇసుక అచ్చులో పలచటి గోడల కుండలు పోసే పద్ధతికి డార్బీ 1707లోనే పేటెంట్ తీసుకున్నాడు, ఈ ఇనుము దానికి సరిపోయింది. అదే సిలికాన్ చేత ఇనుము చేసేవాడికి శని. దాన్ని కాల్చి వదిలించడానికి సమయం, ఇంధనం, ఇనుము మూడూ వృథా. 1750ల దాకా వాళ్లు కోక్ ఇనుముని దూరం పెట్టింది మొండితనంతో కాదు, లెక్క చూసుకునే.

ఇంకో సంగతి. 1720ల నుంచి కోల్‌బ్రూక్‌డేల్‌లో న్యూకమెన్ యంత్రాలకు ఇనుప సిలిండర్లు పోత పోశారు. ఇత్తడి కంటే గోడలు దళసరి కాబట్టి వేడి ఇంకా ఎక్కువ వృథా అయ్యేది. అయినా ధర బాగా తక్కువ కావడంతో ఇనుమే గెలిచింది. తిత్తులు ఊదే నీటిచక్రానికి ఎండాకాలంలో నీరు చాలేది కాదు. 1740ల మొదట్లో అక్కడే ఒక న్యూకమెన్ యంత్రం పెట్టి, చక్రం దాటిన నీటిని మళ్లీ చెరువులోకి ఎత్తించారు.

ప్ర: ఫారన్‌హీట్ కొలమానంలో నీరు 32 దగ్గర గడ్డకట్టడం ఏమిటి? సున్నా పెట్టుకుంటే పోయేది కదా. పైగా ఆయన థర్మామీటర్లకు అంత పేరెందుకు వచ్చింది?

జ: డానియెల్ గాబ్రియెల్ ఫారన్‌హీట్ డాంజిగ్‌లో పుట్టి ఆమ్‌స్టర్‌డామ్‌లో స్థిరపడ్డ పరికరాల తయారీదారు. 1708లో కోపెన్‌హాగన్ వెళ్లి డెన్మార్క్ ఖగోళ శాస్త్రవేత్త ఓలే రోమర్ పని చూశాడు. రోమర్ కొలమానంలో మంచు 7.5, ఒంటి వేడి 22.5. సగాలతో గీతలు గీయడం చిరాకు. నాలుగింతలు చేస్తే 30, 90. ఫారన్‌హీట్ వాటిని 32, 96గా సవరించాడు. ఈ రెంటి మధ్య తేడా 64. గొట్టం మీద ఆ రెండు గుర్తుల మధ్య దూరాన్ని సగం, సగంలో సగం అంటూ ఆరుసార్లు చేస్తే ఒక్కో డిగ్రీ వచ్చేస్తుంది. చేత్తో గీతలు గీసేవాడికి ఇంతకంటే సులువు లేదు.

1724లో రాయల్ సొసైటీకి రాసిన పత్రంలో ఆయన మూడు గుర్తులు చెప్పాడు. మంచు, నీరు, నవాసాగరం లేదా సముద్రపు ఉప్పు కలిపిన మిశ్రమం 0. ఉత్త మంచు, నీరు 32. ఆరోగ్యవంతుడి నోట్లోనో చంకలోనో 96. మొదటి గుర్తుని మీరు ప్రయోగశాలలో తిరిగి తేవాలనుకుంటే తికమక పడతారు. నవాసాగరంతో సెల్సియస్‌లో సుమారు మైనస్ 15 దాకా, ఉప్పుతో మైనస్ 21 దాకా దిగుతుంది. 0 ఫారన్‌హీట్ ఈ రెంటి నడుమ మైనస్ 17.8 దగ్గర ఉంది. నమ్మదగిన గుర్తు 32 ఒక్కటే. ఆయన పోయాక నీరు మరిగే 212ని స్థిర బిందువుగా తీసుకుని గీతలు సరిచేశారు, అందుకే ఒంటి వేడి 96 కాస్తా 98.6 అయింది.

పేరు రావడానికి కారణం వేరు. ఆయన చేసిన రెండు థర్మామీటర్లు ఒకేచోట పెడితే ఒకే అంకె చూపేవి. అంతకుముందు ఇది అరుదు. 1714 నుంచి ఆయన పాదరసం వాడాడు. సారాయి సత్తు 78 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతుంది, పాదరసం 357 దాకా మరగదు, గాజుకి అంటుకోదు. అయితే వేడికి అది ఉబ్బేది తక్కువ, సారాయిలో ఆరో వంతు. అందుకని గొట్టం వెంట్రుకంత సన్నగా ఉండాలి. ఒక ఘన సెంటీమీటరు బుడ్డికి 0.2 మిల్లీమీటర్ల రంధ్రం ఉంటే ఒక సెల్సియస్ డిగ్రీకి పాదరసం సుమారు 5 మిల్లీమీటర్లు కదులుతుంది.

రంధ్రం అంతటా ఒకే వెడల్పు ఉందో లేదో చూడటం తప్పనిసరి. అంగుళం పొడవు పాదరసపు తునకను గొట్టంలో పెట్టి, కొస నుంచి కొసకు జరుపుతూ ప్రతిచోటా దాని పొడవు కొలుస్తారు. పొడవు తగ్గితే అక్కడ రంధ్రం వెడల్పు, పెరిగితే ఇరుకు. తేడా ఎక్కువైతే ఆ గొట్టం పక్కన పడేయాలి. నింపేటప్పుడు బుడ్డిని వేడిచేసి, తెరిచిన కొసను పాదరసంలో ముంచి చల్లారనివ్వాలి. అది లోపలికి పీల్చుకుంటుంది. రెండుమూడు సార్లు చేశాక బుడ్డిలోని పాదరసాన్ని మరిగించి మిగిలిన గాలి తరమాలి, కొలవదలచిన గరిష్ఠ వేడికి కాస్త పైన ఉండగా కొస కరిగించి మూయాలి. గాలి మిగిలితే గొట్టంలో పాదరసం ముక్కలవుతుంది. కొత్తగా ఊదిన గాజు నెలల తరబడి కొద్దికొద్దిగా కుంచించుకుంటుంది, దాంతో 32 గుర్తు పైకి జరుగుతుంది. గీతలు గీసేముందు గాజుని కొంతకాలం ఊరికే ఉంచడం అందుకే. పాదరసం ఆవిరి విషం. ఇది చదివి ఇంట్లో ప్రయత్నించకండి, రంగు కలిపిన సారాయితో చేసుకోండి.

ప్ర: సముద్రం మీద రేఖాంశం కనుక్కుంటే 20,000 పౌండ్లు ఇస్తామని 1714లో బ్రిటన్‌లో చట్టం చేశారట. మంచి గడియారం చాలుననుకుంటే అప్పటికే లోలకం గడియారాలు ఉన్నాయి కదా?

జ: ఉన్నాయి, గది గోడకు. బయలుదేరిన చోటి సమయానికీ, ఓడ ఉన్నచోటి సమయానికీ తేడా తెలిస్తే రేఖాంశం తెలుస్తుంది. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది, అంటే ఒక డిగ్రీకి 4 నిమిషాలు. 20,000 పౌండ్లకు అర డిగ్రీ లోపు తప్పు ఉండాలి. రెండు నిమిషాలన్నమాట. వెస్టిండీస్‌కి ఆరు వారాల ప్రయాణం అనుకుంటే 42 రోజుల్లో రెండు నిమిషాలు. రోజుకు మూడు క్షణాల (సెకన్ల) లోపు. ఒక డిగ్రీకి 10,000, మూడింట రెండు వంతుల డిగ్రీకి 15,000 పౌండ్లు పెట్టారు.

ఇప్పుడు లోలకం సంగతి. క్షణానికి ఒకసారి ఊగే లోలకం పొడవు సుమారు 99.4 సెంటీమీటర్లు. ఇనుప కడ్డీ ఒక డిగ్రీ వేడెక్కితే పది లక్షల్లో 12 వంతులు సాగుతుంది. దాంతో గడియారం రోజుకు అర క్షణం వెనకబడుతుంది. పది డిగ్రీలు పెరిగితే రోజుకు 5 క్షణాలు. ఓడ ఊపు అటుంచండి, ఎండకే పందెం పోయింది.

దీనికి లండన్ గడియారాల పనివాడు జార్జ్ గ్రాహం ఒక మందు కనిపెట్టాడు. ఇత్తడికి, ఉక్కుకి మధ్య సాగుదల తేడాను వాడుకుందామని మొదట చూసి, అది చాలదని వదిలేశాడు. ఆ తర్వాత 1720లలో లోలకం గుండుకి బదులు పాదరసం పోసిన గాజు పాత్ర వేలాడదీశాడు. వేడికి కడ్డీ కిందికి సాగితే, పాదరసం మట్టం పైకి లేస్తుంది.

గ్రాహం వదిలేసిన దారినే వడ్రంగి, గడియారాల పనివాడు జాన్ హారిసన్ పట్టుకున్నాడు. ఇత్తడి, ఉక్కు సాగుదల నిష్పత్తి దాదాపు 5కి 3. కిందికి సాగే ఉక్కు మొత్తం పొడవు, పైకి సాగే ఇత్తడి మొత్తం పొడవు ఒకదాన్నొకటి రద్దు చేసుకోవాలి, తేడా మాత్రం లోలకం పొడవుకి సమానం కావాలి. లెక్క వేస్తే ఉక్కు లోలకానికి రెండున్నర రెట్లు, ఇత్తడి ఒకటిన్నర రెట్లు రావాలి. ఒక్క మడతలో ఇది ఇమడదు. అందుకే హారిసన్ కడ్డీలను మడతలుగా పేర్చాడు: కిందికి మూడు ఉక్కు దశలు, పైకి రెండు ఇత్తడి దశలు. మధ్య కడ్డీ ఒక్కటే, మిగతావి రెండు పక్కలా జతలు. మొత్తం ఐదు ఉక్కు, నాలుగు ఇత్తడి. పాత గోడ గడియారాల్లో ఇనుప చువ్వల జల్లెడలా కనిపించేది ఇదే. కడ్డీలు అడ్డపట్టీల రంధ్రాల్లో బిగుసుకుపోతే సాగుదల ఒక్కసారిగా గెంతుతుంది, గడియారం ఉన్నట్టుండి వేగం మారుస్తుంది. కనుక అక్కడ వదులుగా జారాలి.

ఓడకి మాత్రం ఈ లోలకం పనికిరాదు. 1735లో హారిసన్ పూర్తిచేసిన మొదటి సముద్ర గడియారంలో రెండు బరువు కడ్డీలు ఒకదానికొకటి ఎదురుగా ఊగుతాయి, ఓడ ఊపు ఒకదానికి తెచ్చే తేడాను రెండోది రద్దు చేస్తుంది. దాని బరువు 34 కిలోలు. 1736లో లిస్బన్ వెళ్లి వచ్చే దారిలో అధికారులు స్టార్ట్ అనుకున్న కొమ్మును అది లిజార్డ్ అని హారిసన్ చెప్పాడు, అదే నిజమైంది.

ఒక సవరణ. 1707లో సిల్లీ దీవుల దగ్గర నాలుగు యుద్ధనౌకలు మునిగిన ఘోరాన్ని చాలా పుస్తకాలు రేఖాంశం ఖాతాలోనే వేస్తాయి. ఆ నౌకల దినచర్య పుస్తకాలను పరిశీలించినవారు అక్షాంశం లెక్కలు కూడా బాగా తప్పాయని తేల్చారు.

ప్ర: 1729లో స్టీఫెన్ గ్రే దారం మీదుగా విద్యుత్తు పంపిన ప్రయోగం మా పిల్లలతో చేయిస్తే మాకు ఏమీ జరగలేదు. నూలు దారం, గాజు గొట్టం, పట్టుగుడ్డ వాడాం. తప్పెక్కడ?

జ: బహుశా దారం మరీ ఎండిపోయి ఉంటుంది, గాజు తడిసి ఉంటుంది. కావలసింది దీనికి తలకిందులు.

గ్రే రుద్దిన గాజు గొట్టం మూడున్నర అడుగులకు కాస్త తక్కువ. దుమ్ము లోపలికి పోకుండా రెండు కొసలకూ బిరడాలు పెట్టాడు. గొట్టాన్ని రుద్దితే ఈక గొట్టానికే కాక బిరడాకి కూడా అంటుకుంది. బిరడాకి పుల్ల గుచ్చి, పుల్ల చివర దంతపు బంతి పెట్టి, ఆ తర్వాత జనపనార దారం కట్టి దూరం పెంచుకుంటూ పోయాడు. నిలువుగా దించినప్పుడు సాధ్యమైంది. అడ్డంగా కట్టి దూలానికి దారంతోనే వేలాడదీస్తే ఆగిపోయింది, శక్తి దూలంలోకి పోయింది.

కెంట్‌లోని ఆటర్డెన్‌లో గ్రాన్‌విల్ వీలర్ ఇంట్లో, ఆధారం సన్నగా ఉంటే శక్తి తక్కువ పోతుందన్న ఆలోచనతో పట్టుదారం వాడారు. 80 అడుగులు దాటి పనిచేసింది. దూరం పెంచితే బరువుకి పట్టు తెగింది. బదులుగా అంతే సన్నని ఇత్తడి తీగ వేశారు. బలంగా నిలిచింది కానీ దంతపు బంతి దగ్గర ఇత్తడి రేకు తునకలు కదల్లేదు. సన్నం, లావు కాదు, పదార్థమే లెక్క అని తేలింది ఆ తీగ వల్లే. పట్టుకి తిరిగి వెళ్లి 700 అడుగులు దాటించారు.

మీరు చేయవలసింది ఇది. గాజుని ఎండలోనో పొయ్యి దగ్గరో వెచ్చబెట్టి తేమ వదిలించండి. గాజు మొరాయిస్తే ప్లాస్టిక్ గొట్టాన్ని ఉన్నితో రుద్దండి. శక్తి పోయే దారానికి జనపనార గానీ నూలు గానీ తీసుకుని, తడి చేతులతో ఒకసారి నిమిరి కొద్దిగా చెమ్మ పట్టించండి. వేలాడదీసే ఆధారాలు మాత్రం పొడి పట్టు లేదా నైలాన్. దారం ఎక్కడా గోడకు, బల్లకు, చేతికి తగలకూడదు. కొసన గుండ్రని లోహపు బంతి కట్టండి, మొన ఉంటే అక్కడి నుంచే గాలిలోకి పోతుంది. బంతి కింద రెండు అంగుళాల దూరంలో సన్నని రేకు తునకలు పరచండి. మొదట మూడు అడుగుల దారంతో చూసి, తర్వాతే పెంచండి. వానరోజు అసలు పెట్టుకోవద్దు.

ప్ర: మైసెన్ పింగాణీ రహస్యం ఏమిటి?

జ: తెల్ల కయోలిన్ మట్టి, దాన్ని కరిగించి గాజులా కట్టే ఖనిజం ఒకటి, సుమారు 1,350 డిగ్రీల వేడి. జర్మనీలోని డ్రెస్‌డెన్‌లో చిర్న్‌హౌస్, బోట్గర్ అనే ఇద్దరు 1708లో దీన్ని సాధించారు, 1710లో మైసెన్‌లో కర్మాగారం మొదలైంది. అంతకుముందు యూరప్‌లో మట్టికి గాజుపొడి కలిపి బొమ్మ పింగాణీ చేసేవారు, అది తక్కువ వేడికే మెత్తబడేది. బోట్గర్ కరిగించేందుకు వాడింది సున్నపు జాతి అలబాస్టర్. దానితో చిక్కేమిటంటే కావలసిన వేడికీ, పాత్ర ఒరిగిపోయే వేడికీ మధ్య ఎడం చాలా తక్కువ. తర్వాత ఫెల్డ్‌స్పార్‌కి మారాక కొలిమివాడికి ఊపిరాడింది.

ప్ర: న్యూటన్ చనిపోయిన తేదీ ఒక పుస్తకంలో 1727 మార్చి 20, మరోదానిలో మార్చి 31, ఇంకోచోట 1726 అని ఉంది. ఏది నిజం?

జ: మూడూ నిజమే. ఇంగ్లండ్ 1752 దాకా జూలియన్ క్యాలెండర్ వాడింది. 1700 ఫిబ్రవరి తర్వాత అది గ్రెగోరియన్ కంటే 11 రోజులు వెనక. పైగా అక్కడ చట్టప్రకారం కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది, కాబట్టి మార్చి 20 నాటికి వాళ్లకింకా 1726. డెన్మార్క్, ప్రొటెస్టెంట్ జర్మన్ రాజ్యాలు 1700లో మారాయి. డెన్మార్క్‌లో ఆ మార్పు వెనక ఉన్నది పైన చెప్పిన రోమరే. స్వీడన్ మెల్లగా మారదామని 1700లో ఒక్క రోజు వదిలేసి, తర్వాతి రెండు లీపు రోజులను వదలడం మరచిపోయి, ఎవరితోనూ కలవని తేదీల్లో పన్నెండేళ్లు గడిపింది. పాత పద్ధతికి తిరిగి రావడానికి 1712లో ఫిబ్రవరికి 30వ తేదీ ఇచ్చింది. ఆ కాలపు ఇంగ్లిష్ ఉత్తరాలను, డచ్ లేదా ఫ్రెంచ్ ఉత్తరాలతో పోల్చేటప్పుడు ముందు ఇంగ్లిష్ తేదీకి 11 కలుపుకోండి. జనవరి 1 నుంచి మార్చి 24 లోపు తేదీ అయితే సంవత్సరం కూడా చూసుకోండి.